అజ్ఞానం అన్న మాట మీద పదకొండు అర్జీలు

అన్ని శాఖలూ ఒకే ఆవరణలో ఉన్న పెద్దాఫీసు గేటుకి ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపు నాది. అర్జీలు టైపు చేయడం, కాపీలు తీయడం, ఫారాలు నింపిపెట్టడం నా పని. పింఛను ఆగిపోయిందని, పొలం గట్టు జరిపేశారని, కాగితాల్లో తండ్రి పేరు భర్త పేరుగా పడిందని వచ్చే జనాన్ని పదహారేళ్లుగా చూస్తున్నాను. ఒక పుస్తకంలో ఉన్న ఒకే ఒక్క మాట తీసేయండని అర్జీ మీద అర్జీ పెట్టిన మనిషిని మాత్రం ఒక్కరినే చూశాను. మొదట్లో నాకూ నవ్వొచ్చింది. ఆయన కథంతా విన్నాక నవ్వు పోయి ఒళ్లు మండింది. ఆ మంట ఇంకా చల్లారలేదు కాబట్టే ఇది రాస్తున్నాను.

ఆయన పశువుల ఆసుపత్రిలో ముప్పై అయిదేళ్లు కాంపౌండరు. డాక్టర్లు వస్తుంటారు, బదిలీ అయి పోతుంటారు. కాంపౌండరు మాత్రం ఆసుపత్రి గోడలాగా అక్కడే. సైకిలు హ్యాండిలుకి ఖాకీ సంచీ, సంచీలో మూరెడు పొడుగు ఇనప కత్తెర. చూడ్డానికి కత్తెరే గానీ అది కోయదు, నొక్కుతుంది. కోడెలకి విత్తులు కొట్టే పనిముట్టు. రక్తం రాదు, పుండు పడదు. రెండు నిమిషాల్లో పని అయిపోతుంది. ఆ తర్వాత కోడె ఎద్దవుతుంది గానీ, తండ్రి మాత్రం కాలేదు.

ఆయన తండ్రి బండి తోలేవాడు. ఇంట్లో ఒక జత పొట్టెర్ర ఎద్దులుండేవి. పొట్టెర్ర అంటే మా వైపు పశువు. మనిషి నడుము దాటని ఎత్తు, కాలిన ఇటుక రంగు. ముళ్లకంపలో ఆకు ఏరుకుని తింటుంది, ఎండలో రాయిలా నిలబడుతుంది, గుట్ట ఎక్కమంటే మేకలా ఎక్కుతుంది. పాలు మాత్రం పూటకి రెండు గ్లాసులు, అదీ దానికి మనసైతే. ఆ రెండు గ్లాసులే దాని కొంప ముంచాయి.

బాబాయి (నేనలాగే పిలుస్తాను) ఉద్యోగంలో చేరేనాటికి దేశానికి పాలు చాలడం లేదని పైన ఎవరో తేల్చారు. విదేశీ జాతి, అదే సీమ ఆబోతుల వీర్యం గడ్డిపోచంత గొట్టాల్లో గడ్డకట్టించి, పొగలు కక్కే క్యానుల్లో పెట్టి ప్రతి ఆసుపత్రికీ పంపారు. దానితోపాటే ఇంకో ఉత్తర్వు వచ్చింది. నాసిరకం కోడెలన్నిటికీ విత్తులు కొట్టాలి, ఆసుపత్రికి నెలకి ముప్పై చొప్పున. నాసిరకం అంటే ఏదో కుంటిదీ గుడ్డిదీ కాదు. పొట్టెర్రగా పుట్టిన ప్రతి కోడే నాసిరకమే.

“చూడవోయ్,” అన్నారట అప్పటి డాక్టరు గారు, బాబాయి చేరిన మొదటి వారంలోనే, “ఒక పక్క నేను సీమజాతి ఎక్కిస్తుంటే, ఇంకో పక్క ఈ పొట్టి వెధవలు మందలో తిరిగితే నా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే. ముందు వీటి సంగతి చూడు.”

ఇరవై మూడేళ్ల కుర్రాడు. సర్కారు ఉద్యోగం, ఖాకీ చొక్కా, చదువుకున్న డాక్టరు చెబుతున్న మాట. చూశాడు. పొద్దున్నే సైకిలెక్కి పల్లె పల్లెకీ వెళ్లి, కోడెని పడగొట్టించి, నొక్కి, నోటుబుక్కులో రాసుకుని, కోడెగలవాడి చేత వేలిముద్ర వేయించుకుని వచ్చేవాడు. మొట్టమొదట కొట్టింది తమ ఇంటి కోడెకే. ఇంట్లోవాళ్లకి చెప్పలేనివాడు ఊళ్లోవాళ్లకి ఏం చెబుతాడని ఆయన లెక్క. తండ్రి పక్కనే నిలబడి కోడె తల పట్టుకున్నాడట. “సర్కారుకి మనకన్నా ఎక్కువ తెలుస్తుందిలే,” అన్నాడట.

అబద్ధం చెప్పకూడదు, మొదట్లో మంచే జరిగింది. సీమ దూడలు పుట్టాయి, బిందెలతో పాలొచ్చాయి, పొద్దునా సాయంత్రం పాల వ్యాను వచ్చింది. ఆడవాళ్ల చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. బాబాయిని చూస్తే కుర్చీ వేసేవాళ్లు. ఆయనకీ గర్వంగానే ఉండేది.

పశువొక్కటే మారితే ఏదో సర్దుకునేవాళ్లమేమో. చేను కూడా మారింది. అంతకుముందు మా వైపు జొన్న వేస్తే మనిషి అందులో దిగి చెయ్యెత్తినా కనపడేవాడు కాదు. కంకి ఇంటికి, చొప్ప పశువుకి. వ్యవసాయ శాఖవాళ్లు పొట్టి రకం తెచ్చారు. గింజ ఎక్కువ, చొప్ప సగం. అదీ నాలుగేళ్లే. తర్వాత సంచుల్లో మొక్కజొన్న విత్తనం వచ్చింది, దాని వెనక కోత మిషను వచ్చింది. మిషను కోసిన చేల్లో పశువు నోటికి అందేది ఏమీ మిగల్లేదు. మిగిలిన దుబ్బులకి నిప్పు పెట్టారు. ట్రాక్టరు వచ్చాక ఎద్దుతో పని లేదు. పనిలేని ఎద్దుని ఎవరు మేపుతారు? సంతకి తోలారు. ఆవులకి మేత లేక దాణా బస్తాలు కొన్నారు. ఒకప్పుడు చేను పశువుని పోషించేది, పశువు చేనుని పోషించేది. ఇప్పుడు రెండింటినీ బజారు పోషించాలి.

పిన్ని (బాబాయి భార్య) నోరు ఊరుకునేది కాదు. ఒకరోజు గిన్నెలు తోముతూ అందట: “చేలో విత్తనాలు వాళ్లు పట్టుకుపోయారు, దొడ్లో విత్తులు మీరు కొట్టేశారు. ఇంక ఈ ఊళ్లో మొలిచేదేముందండీ?” ఆయనకి కోపం వచ్చి అన్నం మానేశారు. పూటే లెండి.

ఒక వేసవిలో ఎండ తిరగబడింది. ఆసుపత్రిలో అప్పుడు డాక్టరు లేరు, పోస్టు ఖాళీ. ఒక్క మధ్యాహ్నం చుట్టుపక్కల పదకొండు సీమ ఆవులు నాలుకలు బయటపెట్టి కూలిపోయాయి. బాబాయి తడి గోనెసంచులు కప్పిస్తూ, నీళ్లు కొట్టిస్తూ ఇంటింటికీ పరిగెత్తారు. ఒక ఇంట్లో చూలావు ఆయన చేతుల్లోనే పోయింది. ఆ ఇల్లాలు ఏడవలేదు. ఆవు పక్కనే గుంజకి ఆనుకుని కూర్చుని మెల్లగా అడిగింది.

“ఎండకి చావని ఆవులు మా ఇంట్లో ఉండేవి కదా కాంపౌండరూ. వాటినేం చేశారు?”

ఆ వారమే బాబాయి పెద్దాఫీసుకి వెళ్లి, ఈ విత్తులు కొట్టే పని ఆపుదామని చెప్పారు. గుమస్తా ఫైలు తీసి చూపించాడు: “ఆపమని ఉత్తర్వు రాలేదండి. మీ టార్గెట్టు ఇంకా పెండింగులో ఉంది.” అప్పటికి కొట్టడానికి పొట్టెర్ర కోడె దొరకడమే గగనం. లేని కోడెలకి టార్గెట్టు. పక్క ఆసుపత్రులవాళ్లు ఒకే కోడెని మూడు పేర్లతో రాసుకుని లెక్క చూపించేవారట. బాబాయి సున్నాలు రాశారు. వరసగా ఆరు నెలలు సున్నాలు రాసినందుకు సంజాయిషీ నోటీసు వచ్చింది. “దొరకలేదు” అని ఒక్క ముక్కలో జవాబిచ్చారు. మరో రెండేళ్లకి ఆ ఉత్తర్వు తనంతట తానే చచ్చిపోయింది. రద్దు చేసినట్టు ఎవరూ చెప్పలేదు, అడగడం మానేశారంతే.

యాభై ఎనిమిదో ఏట రిటైరయ్యారు. ఆరేళ్లు ఇంటిపట్టున ఉన్నారు. ఒకరోజు పశువుల ఆసుపత్రికి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ ఆయన ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. చిన్నపిల్ల, మొహమాటస్తురాలు.

“బాబాయ్ గారూ, నాటు జాతుల రక్షణ పథకం వచ్చింది. పొట్టెర్ర జాతి మీద పెద్ద సభ పెడుతున్నారు, డైరెక్టరు గారు వస్తున్నారు. స్టేజి ముందు నిలబెట్టడానికి ఒక్క కోడె కావాలి. విత్తులు కొట్టనిది. ఎవర్ని అడిగినా మీకే తెలుస్తుందంటున్నారు.”

“తెలుసమ్మా,” అన్నారట బాబాయి. “ఎక్కడెక్కడ లేవో నాకు బాగా తెలుసు.”

అయినా వెతికారు. మూడు వారాలు బస్సుల్లో, నడిచీ. ఉద్యోగంలో ఉండగా ఏ ఇళ్లకి కత్తెరతో వెళ్లారో ఆ ఇళ్లకే, ఒక్క కోడె ఉందా అని అడుగుతూ వెళ్లారు. కొందరు మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టారు. ఒకాయన నవ్వాడు: “నూతిలో తోసినవాడే తాడు పట్టుకొచ్చినట్టుంది కాంపౌండరూ.” ఒక ముసలాయన తలుపు వేసుకున్నాడు.

చివరికి గుట్ట మీద దొరికింది. అక్కడ డెబ్భై దాటిన ఒకావిడ, అందరూ గుట్టమ్మ అంటారు, కోడలితో కలిసి ఏడు పొట్టెర్ర ఆవుల్ని మేపుకుంటోంది. మందలో బలిసిన కోడె, మెడ మీద నల్లటి చార. ఇరవై ఆరేళ్ల కిందట ఇదే ఇంటికి బాబాయి వచ్చారు, ఉన్న ఒక్క కోడెకీ పని కానిచ్చి వెళ్లారు. నోటుబుక్కులో ఉంది.

“ఇదెక్కడిదమ్మా?” అని అడిగారు.

“ఆ రోజు నువ్వొస్తున్నావని తెలిసి ఒక కోడెని రాళ్ల వెనక కట్టేసి, ఉన్నది ఒక్కటేనని నీకు అబద్ధం చెప్పాను,” అంది గుట్టమ్మ. “ఆ అబద్ధానికి మునిమనవడు ఇది.”

బాబాయి అక్కడే మట్టిలో చతికిలబడ్డారు. ముసలావిడ ఓదార్చలేదు. నిజానికి ఆవిడ కోపం ఇరవై ఆరేళ్ల పాతది, బాగా ఊరింది.

“నువ్వు నొక్కిన కోడె ఆ తర్వాత పదేళ్లు మా బండి లాగింది. మంచి పశువు. నిన్ను తిట్టుకోని రోజు లేదు. ఇప్పుడు దీన్నేం చేయడానికి వచ్చావు?”

“ఏమీ చేయనమ్మా. ఒక్క పూట చూపించి, నా చేత్తో నేనే తీసుకొచ్చి అప్పగిస్తాను.”

“నీ మాట నమ్మి పంపను. నేను కూడా వస్తాను,” అంది.

సభ పట్నంలో, ఎయిర్ కండిషను హాల్లో. కోడెని బయట టెంటు కింద కట్టారు. దాని పక్కనే గుట్టమ్మ. లోపల కుర్చీలు ఆహ్వానం ఉన్నవాళ్లకట. బాబాయికి ముందు వరసలో కుర్చీ వేశారు, జాతిని వెతికి తెచ్చినందుకు స్టేజి మీద జ్ఞాపిక ఇస్తారని. అందరి చేతుల్లోనూ ఒక పుస్తకం పెట్టారు. నున్నటి కాగితం, అట్ట మీద పొట్టెర్ర బొమ్మ. ఉపన్యాసాలు సాగుతుంటే బాబాయి కళ్లద్దాలు పెట్టుకుని చదవడం మొదలుపెట్టారు. మూడో పేజీలో ఉంది ఆ వాక్యం: “రైతుల అజ్ఞానం, నిర్లక్ష్యం వల్ల ఈ అమూల్యమైన జాతి కనుమరుగు దశకు చేరింది.”

ఆయన నాతో అన్నారు: “అచ్చుతప్పేమో అనుకున్నానమ్మా. ఇంకోసారి చదివాను. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాను. అప్పుడు నా తండ్రి కోడె తల పట్టుకోవడం గుర్తొచ్చింది.”

పేరు పిలిచారు. స్టేజి ఎక్కి జ్ఞాపిక తీసుకోకుండా మైకు దగ్గరికి వెళ్లారు. ఆ సభలో ఉన్న డాక్టరమ్మ తర్వాత నాకు చెప్పింది ఆయన ఏం మాట్లాడారో.

“అయ్యా, నేను రిటైరైన కాంపౌండరుని. ఈ జాతి కోడెల్లో నాలుగు వేల ఎనిమిది వందల అరవై రెండింటికి ఈ చేతుల్తో విత్తులు కొట్టాను. ఒక్క ఆసుపత్రి లెక్క ఇది. నాలాంటివాళ్లు ఎన్ని వందల మందో. మేమెవరమూ సరదాకి కొట్టలేదు. మీరు నెలకి ముప్పై చొప్పున కొట్టమన్నారు. వద్దన్న రైతుని అప్పుడు అజ్ఞాని అన్నారు. కొట్టించుకున్న రైతుని ఇప్పుడు అజ్ఞాని అంటున్నారు. మరి జ్ఞానం ఎవరి దగ్గరుందండీ? అది ఉన్న ఒక్క మనిషినీ మీరు బయట టెంటు కింద నిలబెట్టారు.”

అక్కడికి మైకు ఆగిపోయింది. ఆయన ఆగలేదు. కాకపోతే రెండో వరస దాటి ఎవరికీ వినపడలేదు. ఎవరో చప్పట్లు కొట్టారు, ఉపన్యాసం అయిపోయిందనుకుని. డైరెక్టరు గారు నవ్వుతూ ఆయన భుజం మీద చెయ్యి వేసి మెట్ల దాకా దింపారు. ఫోటోలో చూస్తే ఇద్దరూ ప్రాణస్నేహితుల్లా ఉంటారు.

బయట ఇంకో గొడవ. కోడెని సర్కారు క్షేత్రానికి తీసుకెళ్లడానికి లారీ సిద్ధంగా ఉంది. కాగితం మీద వేలిముద్ర వేయమని గుట్టమ్మని అడుగుతున్నారు. “మీ దగ్గరైతే సురక్షితంగా ఉండదమ్మా,” అంటున్నాడు ఒక అధికారి.

“ఇన్నాళ్లూ మీకు దొరక్కుండానే కదా బాబూ సురక్షితంగా ఉంది,” అంది గుట్టమ్మ.

బాబాయి వెళ్లి పలుపు విప్పారు. వచ్చేటప్పుడు ఎక్కించిన వ్యాను తిరిగి వెళ్లడానికి ఇచ్చేది లేదన్నారు అధికారులు. ఇద్దరూ ఆ కోడెని తోలుకుని పట్నం నడిబజారు గుండా నడిచి వెళ్లారు. గుట్ట చేరడానికి రెండు రోజులు పట్టింది.

మూడో రోజు పొద్దున్న ఆయన నా షాపుకి వచ్చారు. చంకలో పుస్తకం, చేతిసంచీలో పందొమ్మిది నోటుబుక్కులు. వేలిముద్రలన్నీ ఉన్నాయి. ఆఫీసులోని పాత రికార్డులు ఎప్పుడో చెదలు తిన్నాయని తగలబెట్టారు. మిగిలిన సాక్ష్యం ఇదొక్కటే. “అజ్ఞానం అన్న మాట తీసేయమని టైపు చేయమ్మా,” అన్నారు.

మొదటి అర్జీకి జవాబు లేదు. రెండోదానికి, సంబంధిత విభాగానికి పంపడమైనదని వచ్చింది. మూడోదానికి, సంబంధిత విభాగం ఏదో తెలియజేయగలరు అని మమ్మల్నే అడిగారు. నాలుగు, అయిదు, ఆరు వెళ్లాయి. ఒక్కో అర్జీతో పాటు నోటుబుక్కు పేజీల కాపీలు. నా మిషను వేడెక్కి ఆగేది. ఏడో అర్జీకి లోపలికి పిలిచారు. నన్నూ రమ్మన్నారు బాబాయి, సాక్షిగా ఉంటావని.

ఆ గదిలో అధికారి మర్యాదగానే మాట్లాడాడు. “పెద్దవారు, ఒక్క మాట కోసం ఎందుకండీ ఇంత శ్రమ?”

“ఒక్క మాటే కదండీ, తీసేయండి.”

“అచ్చయిపోయింది కదా.”

“మీ నాన్నగారు అజ్ఞాని అని అచ్చేస్తే, అయిపోయిందిలే అనుకుంటారా?”

అధికారి మొహం మారింది. “అంటే ఆ తప్పు మీరే చేసినట్టు రాతపూర్వకంగా ఒప్పుకుంటున్నారు. అది గుర్తుంచుకోండి.”

“ఒప్పుకుంటున్నాను. నా పేరు మొదట రాయండి, పెద్దక్షరాలతో రాయండి. నా పేరు పైన నాకు ఉత్తర్వు ఇచ్చినవాళ్ల పేర్లు కూడా రాయండి. రైతు పేరు మాత్రం కొట్టేయండి.”

పదో అర్జీ తర్వాత పుస్తకం రెండో ముద్రణ వచ్చింది. డాక్టరమ్మ ఒక కాపీ తెచ్చి నా షాపులో ఇచ్చింది. ఆ పిల్ల కళ్లలో సంతోషం. మూడో పేజీ తీశాం. “వివిధ కారణాల వల్ల ఈ అమూల్యమైన జాతి కనుమరుగు దశకు చేరింది.”

గెలిచామనే అనుకున్నాను నేను. బాబాయి పుస్తకం మూసేశారు.

“వివిధ కారణాలు,” అన్నారు. “ఆ వివిధ కారణానికి సైకిలుంటుందామ్మా? చేతిలో కత్తెరుంటుందా? నెలకి ముప్పై టార్గెట్టుంటుందా? ఎండకి ఆకు మాడినట్టు, గాలికి చెట్టు పడ్డట్టు రాశారు చూడు. ఇంతకన్నా అజ్ఞానమే నయం. అందులో కనీసం ఒక మనిషైనా ఉన్నాడు.”

పదకొండో అర్జీ పెట్టాం: “శాఖ ఉత్తర్వుల వల్ల” అని రాయమని. జవాబు రాలేదు. ఎనిమిది నెలలు చూశాం.

ఈలోగా గుట్ట మీద జరగాల్సింది జరుగుతోంది. ఎండకి భయపడినవాళ్లు ఒక్కొక్కరూ తమ ఆవుల్ని గుట్టమ్మ కోడె దగ్గరికి తోలుకెళ్తున్నారు. డాక్టరమ్మ సెలవు రోజుల్లో వెళ్లి చూసి వస్తుంది. పథకంలో దానికి అనుమతి లేదు కాబట్టి ఆఫీసులో చెప్పదు. గుట్ట మీది ఆవులకీ, కిందనుంచి తోలుకొచ్చిన ఆవులకీ కలిపి ఈ ఏడు తొమ్మిది దూడలు పుట్టాయి. బాబాయి వారానికి రెండుసార్లు వెళ్తారు. గుట్టమ్మ ఆయన్ని క్షమించిందో లేదో నాకు తెలియదు. తొట్టికి నీళ్లు మాత్రం ఆయన చేతే మోయిస్తుంది.

పోయిన నెల ఆయన వచ్చి అర్జీ కాదన్నారు. రెండు వేళ్ల వెడల్పున చిన్న కాగితం ముక్కలు కావాలన్నారు. ఒక్కోదాని మీద ఒకే వాక్యం: “పశుసంవర్ధక శాఖ ఉత్తర్వుల మేరకు, నాలాంటి ఉద్యోగుల చేత కోడెలన్నిటికీ విత్తులు కొట్టించడం వల్ల ఈ జాతి కనుమరుగు దశకు చేరింది.” కింద ఆయన పూర్తి పేరు, కాంపౌండరు, రిటైర్డు. నాలుగు వందలు కొట్టించుకుని, జిగురు సీసా పట్టుకుని, ఆ పుస్తకం పంచిన ప్రతి బడికీ, ప్రతి గ్రంథాలయానికీ, ప్రతి ఆసుపత్రికీ వెళ్లారు. మూడో పేజీ తీసి, ఆ వాక్యం మీద సరిగ్గా కొలిచినట్టు అతికించి వచ్చారు. అడ్డు చెప్పినవాళ్లు ఇద్దరే. ఒక గ్రంథాలయంలో పుస్తకాలిచ్చే ఆవిడైతే చదివి, జిగురు తనే రాసిందట.

నిన్న నోటీసు వచ్చింది, ప్రభుత్వ ప్రచురణని పాడుచేసినందుకు చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పమని. పదకొండు అర్జీలకి కదలని ఆఫీసు కాగితం ముక్కకి పది రోజుల్లో కదిలింది. బాబాయి ఆ నోటీసుని నా బల్ల మీద పరిచి, మడతలు సాఫు చేశారు.

“ఏం రాయమంటారు బాబాయ్?”

“అతికించింది నేనేనని రాయి. ఇంకా నూట డెబ్భై మిగిలాయని కూడా రాయి.”

టైపు చేసి ఇచ్చాను. సంతకం పెట్టి, కాపీ ఒకటి నా దగ్గర ఉంచి, రోడ్డు దాటి గేటు లోపలికి వెళ్లారు.